బ్యాక్‌స్లాష్‌ను చదివేదెవరు? స్ట్రింగుల్లో ఎస్కేప్ సీక్వెన్సుల సంగతి

ప్రోగ్రామింగ్ భాషల్లో స్ట్రింగ్ అంటే రెండు కొటేషన్ గుర్తుల మధ్య రాసిన టెక్స్ట్ అని మొదటి పాఠంలోనే చెబుతారు. చిక్కంతా ఆ నిర్వచనంలోనే ఉంది. టెక్స్ట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తే ఆ టెక్స్ట్ లోపల కూడా రావలసి వస్తే, రెండింటికీ తేడా కనిపెట్టే మార్గం కంపైలర్‌కు, అంటే మనం రాసిన సోర్స్ కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాముకు, లేదు. "అతను "వస్తాను" అన్నాడు" అని సోర్స్ కోడ్‌లో రాశామనుకోండి. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ వెళ్లే కంపైలర్, రెండో కొటేషన్ గుర్తు కనబడగానే స్ట్రింగ్ అయిపోయిందని తీర్మానించుకుంటుంది. ఆ వెంటనే వచ్చిన 'వస్తాను' అనే మాటను ఏదో వేరియబుల్ పేరు కాబోలనుకుని చదవబోయి, అది అక్కడ పొసగక సింటాక్స్ ఎర్రర్ చూపిస్తుంది.

దీనికి చాలా భాషలు ఎంచుకున్న ఉపాయం, ఒక గుర్తును ప్రత్యేకించి పక్కన పెట్టి, తన వెనుక వచ్చేదాన్ని మామూలుగా చదవవద్దని దాని చేత చెప్పించడం. ఆ గుర్తు సాధారణంగా బ్యాక్‌స్లాష్. పై వాక్యాన్ని "అతను \"వస్తాను\" అన్నాడు" అని రాస్తే లోపలి రెండు కొటేషన్ గుర్తులూ టెక్స్ట్‌లో భాగమైపోతాయి. అయితే ఈ పని అప్పగించాక బ్యాక్‌స్లాష్ కూడా మామూలు గుర్తుగా మిగలదు కనుక, టెక్స్ట్‌లో నిజంగానే బ్యాక్‌స్లాష్ కావలసి వచ్చినప్పుడు దాన్ని \\ అని జంటగా రాయవలసి వస్తుంది. బ్యాక్‌స్లాష్, దాని వెనుక వచ్చే గుర్తు లేదా గుర్తులు కలిపి ఒకే యూనిట్‌గా చదవాలి. ఆ యూనిట్ పేరే ఎస్కేప్ సీక్వెన్స్.

ఇదే యంత్రాంగం ఇంకో అవసరాన్నీ తీరుస్తుంది. అక్షరాలకూ గుర్తులకూ సంఖ్యలు కేటాయించే ఆస్కీ పట్టికలోని 128 స్థానాల్లో 33 స్థానాలు కంటికి కనబడని కంట్రోల్ క్యారెక్టర్లవి. గంట మోగించడానికి 7, ట్యాబ్‌కు 9, కొత్త లైన్‌కు 10, క్యారేజ్‌ను లైను మొదటికి తేవడానికి 13 అంటూ టెలిటైప్ యంత్రాల కోసం కేటాయించిన ఈ సంఖ్యలకు తెరమీద ఆకారం లేదు. కొన్నింటికి కీబోర్డు మీద మీట కూడా లేదు. ఉన్నవాటినైనా స్ట్రింగ్ మధ్యలో నేరుగా టైప్ చేస్తే చదివేవాడికి ట్యాబ్ ఏదో, ఖాళీలు ఏవో తెలియవు. అందుకే కొత్త లైన్‌ను బ్యాక్‌స్లాష్ ఎన్ (\n) అనీ, ట్యాబ్‌ను బ్యాక్‌స్లాష్ టి (\t) అనీ, క్యారేజ్ రిటర్న్‌ను బ్యాక్‌స్లాష్ ఆర్ (\r) అనీ రాస్తారు. అంటే ఎస్కేప్ రెండు వైపులా పనిచేస్తుంది: కొటేషన్ గుర్తుకు ఉన్న ప్రత్యేకతను తీసేస్తుంది, ఎన్ లాంటి మామూలు అక్షరానికి లేని ప్రత్యేకతను తగిలిస్తుంది. మొదటిసారి నేర్చుకునేవారు తడబడేది చాలావరకు ఈ రెండు పనులకూ ఒకే గుర్తు వాడడం వల్లనే.

బ్యాక్‌స్లాష్‌కు ఈ హోదా మొదటి నుంచీ ఉన్నది కాదు. ఆస్కీ రూపకర్తల్లో ఒకరైన బాబ్ బీమర్ 1961లో దాన్ని ఆస్కీలో చేర్పించినప్పుడు చూపిన కారణాల్లో ముఖ్యమైనది ఆల్గాల్ భాష అవసరం. ఆ భాషలో 'మరియు', 'లేదా' అనే అర్థాలిచ్చే తార్కిక గుర్తులను /\ అనీ \/ అనీ రెండేసి గుర్తులతో కూర్చడానికి వీలుగా ఉంటుందని ఆయన ఆలోచన. సీ భాషకు ముందు బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రూపొందించిన బీ భాషలో ఎస్కేప్ గుర్తు నక్షత్రం. కొత్త లైన్‌ను అక్కడ నక్షత్రం ఎన్ అని రాసేవారు, నక్షత్రమే కావాలంటే ** అని రాసేవారు. 1970ల మొదట్లో డెనిస్ రిచీ చేతిలో సీ రూపుదిద్దుకున్నప్పుడు ఆ స్థానంలోకి బ్యాక్‌స్లాష్ వచ్చింది. సీ ప్రభావంతో పుట్టిన భాషలు చాలావరకు దాన్నే పుణికిపుచ్చుకున్నాయి.

సోర్స్‌లో ఉండేది వేరు, మెమరీలో ఉండేది వేరు

ఎస్కేప్ సీక్వెన్స్ సోర్స్ కోడ్‌లో మాత్రమే ఉంటుంది. కంపైలర్ లేదా ఇంటర్‌ప్రెటర్ దాన్ని ఒకసారి చదివి, దాని బదులు ఒక క్యారెక్టర్‌ను మెమరీలో పెట్టేశాక ఆ బ్యాక్‌స్లాష్ ఇక ఎక్కడా ఉండదు. ఈ విషయంలో వచ్చే సందేహాలు సగానికి పైగా ఈ ఒక్క వాక్యం గుర్తుంటే తీరిపోతాయని నా అభిప్రాయం.

పైథాన్‌లో "అ\\ఆ" అనే స్ట్రింగ్‌ను తీసుకుందాం. సోర్స్‌లో కొటేషన్ల మధ్య నాలుగు గుర్తులున్నాయి. పొడవు అడిగితే 3 అని జవాబు వస్తుంది. ప్రింట్ చేస్తే తెరమీద అ\ఆ అని కనిపిస్తుంది. కానీ అదే స్ట్రింగ్‌ను ఇంటరాక్టివ్ షెల్‌లో ప్రింట్ లేకుండా పేరు మాత్రమే టైప్ చేసి చూస్తే మళ్లీ రెండు బ్యాక్‌స్లాష్‌లతో కనబడుతుంది. ఎందుకంటే షెల్ చూపించేది స్ట్రింగ్‌ను కాదు, ఆ స్ట్రింగ్‌ను మళ్లీ సోర్స్ కోడ్‌లో రాయాలంటే ఎలా రాయాలో ఆ రూపాన్ని. చాలా డీబగ్గర్లు కూడా ఇలాగే చూపిస్తాయి. ఇది తెలియక, డేటాలో అదనంగా బ్యాక్‌స్లాష్‌లు చేరాయని భ్రమపడి వాటిని తొలగించే కోడ్ రాసేవారు ఎందరో ఉంటారు; ఆ కోడ్ మొదట ఏ పనీ చేయదు, తర్వాతెప్పుడో నిజమైన బ్యాక్‌స్లాష్ వచ్చిన రోజున దాన్ని మింగేస్తుంది.

దీనికి ఎదురు వైపు పొరపాటు కూడా అంతే తరచుగా జరుగుతుంది. వాడుకరి ఒక టెక్స్ట్ బాక్సులో బ్యాక్‌స్లాష్, దాని పక్కన ఎన్ టైప్ చేస్తే ప్రోగ్రాముకు అందేది కొత్త లైన్ కాదు, రెండు వేర్వేరు క్యారెక్టర్లే. అక్కడ వాటిని చదివి మార్చే కంపైలర్ ఎవరూ లేరు. ఎన్‌విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో, అంటే ప్రోగ్రాముకు బయటి నుంచి అందించే సెట్టింగుల్లో, ప్రైవేట్ కీలను దాచుకునేవారికి ఇది బాగా అనుభవం. చాలా లైన్లున్న కీని ఒకే లైన్‌లో ఇరికించడానికి ప్రతి లైన్ చివర బ్యాక్‌స్లాష్ ఎన్ అని రాస్తారు. ఆ సెట్టింగులున్న ఫైలును చదివే లైబ్రరీ వాటిని కొత్త లైన్లుగా మారిస్తే కీ పనిచేస్తుంది, మార్చకపోతే కీ చెల్లదని ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ మొరాయిస్తుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి గంటల తరబడి కీనే అనుమానిస్తూ కూర్చుంటారు. అలాంటప్పుడు చేయవలసిన మొదటి పని ఆ స్ట్రింగ్ పొడవు కొలవడం, లేదా దాని క్యారెక్టర్ల సంఖ్యా విలువలను వరుసగా ప్రింట్ చేయడం. 10 కనిపిస్తే అది కొత్త లైన్. 92, దాని పక్కన 110 కనిపిస్తే అది బ్యాక్‌స్లాష్, ఎన్.

కంపైలర్‌కు 10 అని చెప్పిందెవరు

బ్యాక్‌స్లాష్ ఎన్ అంటే 10 అని కంపైలర్‌కు ఎలా తెలుసు అన్న ప్రశ్న అమాయకంగా కనిపిస్తుంది గానీ, దానికి జవాబు కంప్యూటర్ శాస్త్రంలోని ఒక ప్రసిద్ధ ప్రసంగంలో ఉంది. డెనిస్ రిచీతో కలిసి 1983 ట్యూరింగ్ అవార్డు అందుకున్న కెన్ థాంప్సన్, ఆ సందర్భంగా చేసి 1984లో అచ్చయిన ప్రసంగంలో సరిగ్గా ఎస్కేప్ సీక్వెన్సులనే ఉదాహరణగా తీసుకున్నాడు.

ఆయన ఉదాహరణలోని సీ కంపైలర్ సీ భాషలోనే రాసి ఉంటుంది. అందులో ఎస్కేప్‌లను చదివే భాగం తెరిచి చూస్తే, బ్యాక్‌స్లాష్ వెనుక ఎన్ వస్తే బ్యాక్‌స్లాష్ ఎన్ అనే విలువను తిరిగి ఇవ్వు అని మాత్రమే ఉంటుంది. 10 అన్న సంఖ్య ఆ కోడ్‌లో ఎక్కడా ఉండనక్కరలేదు. ఆ కోడ్‌ను కంపైల్ చేసే పాత కంపైలర్‌కు ఆ విలువ తెలుసు, దానికి అంతకుముందరి కంపైలర్ నుంచి వచ్చింది. మరి మొదట ఎలా వచ్చింది? నిలువు ట్యాబ్ కోసం బ్యాక్‌స్లాష్ వి అనే కొత్త ఎస్కేప్‌ను చేర్చాలనుకుందాం. కంపైలర్ సోర్స్‌లో నేరుగా బ్యాక్‌స్లాష్ వి అని రాస్తే, దాన్ని కంపైల్ చేయవలసిన పాత కంపైలర్‌కు అదేమిటో తెలియదు. కాబట్టి మొదట ఒకసారి 11 అనే సంఖ్యను రాసి కంపైల్ చేయాలి. అలా వచ్చిన కొత్త కంపైలర్‌ను ఇన్‌స్టాల్ చేశాక సోర్స్‌లోని 11ను తీసేసి బ్యాక్‌స్లాష్ వి అని రాసుకోవచ్చు. ఇక ఆ సంఖ్య సోర్స్‌లో ఉండదు, బైనరీల వరుసలో మాత్రం తరం నుంచి తరానికి అందుతూనే ఉంటుంది. సోర్స్‌లో కనబడకుండా ఒక మంచి విలువ ఇలా నిలిచిపోగలిగితే, ఒక దొంగతలుపు (బ్యాక్‌డోర్) కూడా అలాగే నిలిచిపోగలదని థాంప్సన్ అక్కడి నుంచి తేల్చాడు.

తెలియని అక్షరం వెనుక వస్తే

బ్యాక్‌స్లాష్ వెనుక భాష నిర్వచించని అక్షరం వస్తే ఏం చేయాలన్న దానిపై భాషల మధ్య ఏకాభిప్రాయం లేదు. జావా, గో, రస్ట్ దాన్ని తప్పుగా ప్రకటించి కంపైల్ చేయడానికే నిరాకరిస్తాయి. జావాస్క్రిప్ట్ బ్యాక్‌స్లాష్‌ను వదిలేసి వెనుక అక్షరాన్ని మాత్రం ఉంచుకుంటుంది. పైథాన్ రెండింటినీ ఉన్నవి ఉన్నట్టే ఉంచేస్తుంది. ఈ మూడింటిలో మొదటిదే సరైన పద్ధతి అనడానికి నాకు సందేహం లేదు. మిగిలిన రెండూ తప్పును దాచిపెట్టే ఔదార్యాలు.

పైథాన్ ఔదార్యం ఎంత దూరం తీసుకుపోయిందో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లలో కనిపిస్తుంది. రెగెక్స్ అని పొట్టిగా పిలిచే ఇవి, టెక్స్ట్‌లో ఏం వెతకాలో చెప్పే నమూనాలు. వాటిలో బ్యాక్‌స్లాష్ డి అంటే ఒక అంకె, బ్యాక్‌స్లాష్ బి అంటే మాట సరిహద్దు. పైథాన్ స్ట్రింగుల్లో బ్యాక్‌స్లాష్ డి అనే ఎస్కేప్ లేదు కాబట్టి అది చెక్కుచెదరకుండా రెగెక్స్ ఇంజిన్‌కు చేరుతుంది, అంకెలు దొరుకుతాయి. ఆ ధైర్యంతో అదే పద్ధతిలో బ్యాక్‌స్లాష్ బి అని రాస్తే, స్ట్రింగుల్లో దానికి బ్యాక్‌స్పేస్ అనే అర్థం ముందే ఉండడం వల్ల, ఇంజిన్‌కు 8వ నంబరు కంట్రోల్ క్యారెక్టర్ అందుతుంది. ఎర్రర్ రాదు. వెతికినది దొరకదు, అంతే. 2016లో వచ్చిన పైథాన్ 3.6 నుంచి గుర్తించని ఎస్కేప్‌లకు హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ హెచ్చరిక మామూలుగా తెరమీద కనబడని రకం కావడంతో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2023లో వచ్చిన 3.12 నుంచి అది అందరికీ కనబడే సింటాక్స్ హెచ్చరికగా మారింది. పాత లైబ్రరీలు ఉన్నట్టుండి హెచ్చరికలు కక్కడానికి కారణం అదే.

విండోస్‌లో ఫైలు దారులది మరో తలనొప్పి. 1983లో వచ్చిన ఎంఎస్-డాస్ 2.0లో తొలిసారి ఫోల్డర్లను ప్రవేశపెట్టినప్పుడు, ముందువాలు గీత (/) అప్పటికే కమాండ్ ఆప్షన్లకు వాడుకలో ఉండడంతో, ఫోల్డర్ల మధ్య బ్యాక్‌స్లాష్‌ను పెట్టారు. ఫలితంగా ఫోల్డర్ పేరు ఎన్‌తో మొదలైతే దారి మధ్యలో కొత్త లైన్, టితో మొదలైతే ట్యాబ్ వచ్చి కూర్చుంటాయి. ఫైలు దొరకలేదన్న సందేశం తప్ప ఇంకేమీ తెలియదు. పైథాన్ 3లో యూజర్స్ ఫోల్డర్ దారిని (C:\Users) మామూలు స్ట్రింగ్‌గా రాసేవారికి అంతకన్నా వింతైన ఎర్రర్ ఎదురవుతుంది. బ్యాక్‌స్లాష్ వెనుక పెద్ద యు వస్తే ఆ వెంట ఎనిమిది హెక్సాడెసిమల్ అంకెలుండాలని, అంటే 0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్ వరకు వాడే 16 ఆధారిత అంకెలుండాలని, ఆ భాష నియమం. అవి లేవు కాబట్టి 2-3 స్థానాల దగ్గర యూనికోడ్ (ప్రపంచంలోని లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణం) ఎస్కేప్ తెగిపోయిందని ఇంటర్‌ప్రెటర్ ఫిర్యాదు చేస్తుంది. డ్రైవ్ అక్షరం 0వ స్థానం, దాని పక్క కోలన్ 1వ స్థానం, బ్యాక్‌స్లాష్ 2వ స్థానం అని లెక్కపెట్టుకుంటే ఆ సందేశం ఎంత కచ్చితంగా చెబుతోందో అర్థమవుతుంది. యూనికోడ్ ఊసే లేని ఫైలు దారిలో యూనికోడ్ ఎర్రర్ ఏమిటని కొత్తవారు బిత్తరపోవడం సహజమే.

ఒకే టెక్స్ట్‌ను ఇద్దరు చదివితే

ఇంతవరకు స్ట్రింగ్‌ను చదివేది కంపైలర్ ఒక్కటే అనుకున్నాం. ఆ స్ట్రింగ్‌ను అందుకున్న వ్యవస్థకు కూడా తనదైన ఎస్కేప్ నియమాలు ఉంటే లెక్క మారుతుంది. జావాలో ఒక టెక్స్ట్‌లోని బ్యాక్‌స్లాష్‌ను రెగెక్స్‌తో వెతకాలంటే "\\\\" అని నాలుగు బ్యాక్‌స్లాష్‌లు రాయాలి. వెతకవలసింది ఒకటి. రెగెక్స్ భాషలో బ్యాక్‌స్లాష్‌కు ప్రత్యేకార్థం ఉంది కాబట్టి ఇంజిన్‌కు \\ అని రెండు అందాలి. ఆ రెండింటినీ ఇంజిన్‌కు అందించాలంటే జావా సోర్స్‌లో ఒక్కొక్కదాన్ని జంట చేసి నాలుగు రాయాలి. చుక్క విషయం కూడా ఇంతే: రెగెక్స్‌లో చుక్క అంటే ఏ క్యారెక్టర్ అయినా సరే అని అర్థం కాబట్టి నిజమైన చుక్క కోసం ఇంజిన్‌కు \. చేరాలి, దానికి సోర్స్‌లో "\\." అని రాయాలి.

బ్యాక్‌స్లాష్‌ను ప్రత్యేకంగా చూసే పాఠకుడు ఒక్కొక్కరు పెరిగినప్పుడల్లా దాని సంఖ్య రెట్టింపవుతుంది. ఆ రెగెక్స్‌ను జేసన్ (డేటాను టెక్స్ట్‌గా దాచే ఒక పద్ధతి) ఫైలులో పెట్టి, ఆ జేసన్‌ను మళ్లీ ప్రోగ్రాములో స్ట్రింగ్‌గా రాస్తే ఎనిమిది. కాబట్టి ఎన్ని బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలో ఒకటొకటిగా పెంచుతూ ప్రయత్నించి చూడడం కన్నా, చిట్టచివరి పాఠకుడికి ఏం అందాలో మొదట కాగితం మీద రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి ఒక్కో పాఠకుడి నియమాన్ని వర్తింపజేస్తూ రావడం మేలు. ఊహించి పెట్టిన సంఖ్య ఒక ఇన్‌పుట్‌కు పనిచేసినా ఇంకో ఇన్‌పుట్‌కు బెడిసికొడుతుంది.

టైప్ చేసిన కమాండ్లను చదివి నడిపే యూనిక్స్ షెల్‌లో ఈ లెక్క మరింత జటిలం, ఎందుకంటే అక్కడ పాఠకుల సంఖ్యే స్థిరంగా ఉండదు. షెల్‌లో సింగిల్ కోట్‌ల మధ్య రాసినదాన్ని షెల్ అసలు తాకదు. డబుల్ కోట్‌ల మధ్య కొన్ని గుర్తుల ముందున్న బ్యాక్‌స్లాష్‌ను మాత్రమే తీసేస్తుంది. ఆ తర్వాత, టెక్స్ట్‌ను తెరమీద చూపే ఎకో కమాండ్ తనకు అందిన బ్యాక్‌స్లాష్ ఎన్‌ను కొత్త లైన్‌గా మారుస్తుందా లేదా అన్నది ఏ షెల్‌లో నడుస్తున్నామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మామూలుగా బ్యాష్ మార్చదు, డ్యాష్ మారుస్తుంది. ఒకే స్క్రిప్ట్ ఒక యంత్రం మీద ఒకలా, ఇంకో దాని మీద ఇంకోలా ప్రవర్తిస్తే ముందుగా అనుమానించవలసింది దీన్నే. ఎకోకు బదులు ప్రింట్‌ఎఫ్ వాడితే ఆ సందిగ్ధం ఉండదు.

పాఠకుల్లో ఒకరిని తప్పించడానికే రా స్ట్రింగులు వచ్చాయి. పైథాన్‌లో కొటేషన్ గుర్తుకు ముందు ఆర్ అని పెడితే లోపలి బ్యాక్‌స్లాష్‌లను ఇంటర్‌ప్రెటర్ మార్చదు, రెగెక్స్‌ను ఇంజిన్‌కు కావలసిన రూపంలోనే రాసుకోవచ్చు. అయితే అలాంటి స్ట్రింగ్ ఒంటి బ్యాక్‌స్లాష్‌తో ముగియకూడదు: స్ట్రింగ్ ఎక్కడ ముగుస్తుందో వెతికే దశలో \" అన్నది ముగింపుగా లెక్కలోకి రాదు. అంటే ఆర్ పెట్టినా బ్యాక్‌స్లాష్‌కు ఉన్న అధికారం పూర్తిగా పోలేదన్నమాట. సీ ప్లస్ ప్లస్ 2011లో, రస్ట్ మొదటి నుంచి, సీ షార్ప్ 2022లో ఇంకా మెరుగైన దారి పట్టాయి. అక్కడ ముగింపు గుర్తును రాసేవారే నిర్ణయించుకోవచ్చు లేదా పొడిగించుకోవచ్చు కాబట్టి, లోపల ఏ టెక్స్ట్ ఉన్నా దానితో ఢీకొనని ముగింపు ఎప్పుడూ దొరుకుతుంది. జావా 15లో వచ్చిన టెక్స్ట్ బ్లాకులను చాలామంది రా స్ట్రింగులే అనుకుంటారు. కావు. వాటిలో ఎస్కేప్‌లు యథావిధిగా పనిచేస్తాయి. తప్పిన బెడద కొటేషన్ గుర్తులది, లైన్లు విడగొట్టడానిది మాత్రమే.

సంఖ్యలతో రాసే ఎస్కేప్‌లు

పేరున్న ఎస్కేప్‌లు పట్టుమని పది, పదిహేను ఉంటాయి. మిగిలిన క్యారెక్టర్లన్నింటినీ వాటి సంఖ్యతో రాయాలి, ఆ సంఖ్య ఎక్కడ ముగుస్తుందన్నదే ఇక్కడ ప్రశ్న. సీ భాషలో బ్యాక్‌స్లాష్ వెనుక నేరుగా అంకెలు వస్తే అది ఆక్టల్ సంఖ్య (0 నుంచి 7 వరకు అంకెలే వాడే 8 ఆధారిత సంఖ్య), గరిష్ఠంగా మూడు అంకెలు. అందుకే "\012" అంటే పన్నెండో క్యారెక్టర్ కాదు, ఆక్టల్ 12 కాబట్టి పదోది, అంటే కొత్త లైన్. "\08" అంటే ఒక శూన్య క్యారెక్టర్, దాని వెనుక 8 అనే అంకె, ఎందుకంటే 8 ఆక్టల్ అంకె కాదు. "\1234"లో మొదటి మూడు అంకెలు ఒక క్యారెక్టర్, చివరి 4 వేరే క్యారెక్టర్. సీలో స్ట్రింగ్ ముగింపును శూన్య క్యారెక్టరే సూచిస్తుంది కనుక, మధ్యలో "\0" పెట్టిన స్ట్రింగ్ పొడవును లైబ్రరీ ఫంక్షన్‌తో కొలిస్తే అక్కడికే ఆగిపోతుంది. మిగతా భాగం మెమరీలో ఉన్నా లేనట్టే.

హెక్సాడెసిమల్ రూపంలో, అంటే బ్యాక్‌స్లాష్ ఎక్స్ వెనుక, సీ భాష అంకెల సంఖ్యకు హద్దు పెట్టలేదు. వెనుక వచ్చే మాట ఎ నుంచి ఎఫ్ వరకు ఉన్న ఇంగ్లీషు అక్షరాల్లో దేనితోనైనా మొదలైతే దాన్ని కూడా సంఖ్యలో భాగంగా లాగేసుకుంటుంది. స్ట్రింగ్‌ను అక్కడ మూసి పక్కనే ఇంకో స్ట్రింగ్ తెరవడం దీనికి విరుగుడు. పక్కపక్కనున్న రెండు స్ట్రింగులను కంపైలర్ ఎస్కేప్‌లు చదివిన తర్వాతే అతుకుతుంది. పైథాన్, జావాస్క్రిప్ట్ సరిగ్గా రెండు అంకెలే అని నియమం పెట్టి ఈ బెడదను తప్పించుకున్నాయి.

యూనికోడ్ వచ్చాక బ్యాక్‌స్లాష్ యు, దాని వెనుక నాలుగు హెక్సాడెసిమల్ అంకెల రూపం వ్యాపించింది. తెలుగు లిపికి యూనికోడ్‌లో 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉన్న స్థానాలు కేటాయించారు. 'తెలుగు' అనే మాటలో ఆరు కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్ సంఖ్యలు, ఉన్నాయి: త 0సి24, ఎత్వం 0సి46, ల 0సి32, కొమ్ము 0సి41, గ 0సి17, మళ్లీ కొమ్ము 0సి41. పైథాన్‌లోని జేసన్ లైబ్రరీ మామూలుగా ఆస్కీకి బయట ఉన్న ప్రతి క్యారెక్టర్‌నూ ఎస్కేప్‌గా రాస్తుంది కాబట్టి, యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా దాచే పద్ధతిలో) 18 బైట్లు పట్టే ఈ మాట ఆ ఫైలులో 36 బైట్లు అవుతుంది. తెలుగు డేటాను జేసన్‌గా దాచి, ఫైలు తెరిచి చూసి, అంతా పాడైపోయిందని కంగారుపడేవారికి కనిపించేది ఇదే. ఏమీ పాడవలేదు. జేసన్ ప్రమాణం ప్రకారం రెండు రూపాలూ ఒక్కటే, ఏ జేసన్ రీడర్‌తో చదివినా అదే తెలుగు తిరిగి వస్తుంది. మనిషి కూడా చదవాలనుకుంటే ఎన్ష్యూర్ ఆస్కీ అనే ఆప్షన్‌ను ఫాల్స్ చేసి, ఫైలును యూటీఎఫ్-8లో రాస్తే సరిపోతుంది. నాలుగు అంకెలకు లొంగని ఎమోజీల సంగతి వేరు. 1ఎఫ్600 అనే నవ్వు ముఖాన్ని జేసన్‌లో ఎస్కేప్‌గా రాయాలంటే డి83డి, డిఇ00 అని రెండు ఎస్కేప్‌ల జంటగా రాయాలి. పొడవు చూసి స్ట్రింగ్‌ను కత్తిరించే కోడ్ ఆ జంట మధ్యలో కోస్తే ఎటూ కాని సగం ముక్క మిగులుతుంది.

ఈ ఎస్కేప్‌ను జావా అర్థం చేసుకునే తీరు అన్ని భాషలకూ భిన్నం. స్ట్రింగ్ అంటే ఏమిటి, కామెంట్ (మనుషుల కోసం కోడ్‌లో రాసే వ్యాఖ్య) అంటే ఏమిటి అని విడదీయకముందే జావా కంపైలర్ ఫైలు మొత్తంలోని యూనికోడ్ ఎస్కేప్‌లను క్యారెక్టర్లుగా మార్చేస్తుంది. కాబట్టి స్ట్రింగ్ లోపల బ్యాక్‌స్లాష్ యు 0022 అని రాస్తే అది టెక్స్ట్‌లోకి కొటేషన్ గుర్తును చేర్చదు, స్ట్రింగ్‌నే మూసేస్తుంది. విండోస్‌లోని యూజర్స్ ఫోల్డర్ దారిని చిన్న యుతో కామెంట్‌లో రాసినా ప్రోగ్రాము కంపైల్ కాదు. కామెంట్‌లో తప్పు రాస్తే ఎర్రర్ వచ్చే భాషలు అరుదు.

స్వయంగా ఎస్కేప్ చేయవలసి వస్తే

బ్యాక్‌స్లాష్ అన్ని చోట్లా చెల్లదు. డేటాబేస్‌లను ప్రశ్నించే భాష అయిన ప్రామాణిక ఎస్‌క్యూఎల్‌లో కొటేషన్ గుర్తును రెండుసార్లు రాయడమే ఎస్కేప్. మైఎస్‌క్యూఎల్ దాంతోపాటు బ్యాక్‌స్లాష్‌నూ అంగీకరిస్తుంది. పోస్ట్‌గ్రెస్ 2011లో వచ్చిన 9.1 నుంచి మామూలు స్ట్రింగుల్లో దాన్ని సాధారణ గుర్తుగానే చూస్తుంది. ఒక డేటాబేస్ కోసం చేతితో రాసిన ఎస్కేప్ ఫంక్షన్ ఇంకో డేటాబేస్ దగ్గర దాడికి దారి తెరుస్తుందంటే కారణం ఇదే. క్వెరీ వేరుగా, విలువలు వేరుగా పంపే పారామీటర్ల పద్ధతిలో విలువను ఎవరూ కోడ్‌గా చదవరు కాబట్టి అక్కడ ఎస్కేప్ అవసరమే పుట్టదు.

అలాంటి దారి లేక చేతితోనే రాయవలసి వచ్చినప్పుడు వరుసక్రమం కీలకం. టెక్స్ట్‌లో ఒక " ఉంది, దాన్ని, బ్యాక్‌స్లాష్‌లనూ ఎస్కేప్ చేయాలి. ముందు కొటేషన్ గుర్తును మారిస్తే \" వస్తుంది. ఆ తర్వాత బ్యాక్‌స్లాష్‌లను జంట చేస్తే, ఇప్పుడే చేర్చిన బ్యాక్‌స్లాష్ కూడా జంటై \\" అవుతుంది. దాన్ని చదివేవారికి అది ఒక బ్యాక్‌స్లాష్, ఆ వెంటనే స్ట్రింగ్ ముగింపు. కాబట్టి ఎస్కేప్ గుర్తునే ముందు మార్చాలి, మిగతావి తర్వాత. వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌లో & గుర్తును అన్నిటికన్నా ముందు మార్చడం కూడా ఇందుకే.

తిరిగి విప్పేటప్పుడు మాత్రం ఏ వరుసా పనికిరాదు. టెక్స్ట్‌లో \\ అని రెండు, వాటి వెనుక ఎన్ ఉన్నాయనుకోండి. విప్పితే ఒక బ్యాక్‌స్లాష్, దాని పక్కన మామూలు ఎన్ రావాలి. బ్యాక్‌స్లాష్ ఎన్‌ను ముందు మారిస్తే రెండో బ్యాక్‌స్లాష్ ఎన్‌తో కలిసి కొత్త లైన్‌గా మారిపోతుంది. జంటలను ముందు మారిస్తే మిగిలిన ఒంటి బ్యాక్‌స్లాష్ రెండో విడతలో ఎన్‌తో కలిసి, అప్పుడూ కొత్త లైన్ అవుతుంది. ఎడమ నుంచి కుడికి ఒక్కసారే నడుస్తూ, బ్యాక్‌స్లాష్ కనబడితే దాని వెనుక గుర్తును కూడా కలిపి తీసుకుని, ఒకసారి వాడిన గుర్తును మళ్లీ ముట్టకుండా ముందుకు సాగే లూప్ ఒక్కటే సరైనది. కంపైలర్ చేసేదీ అదే. రాసిన ఫంక్షన్లను పరీక్షించడానికి మామూలు వాక్యాలు చాలవు. బ్యాక్‌స్లాష్‌లు, కొటేషన్ గుర్తులు, ఎన్ అక్షరాలు మాత్రమే ఉండే చిన్న స్ట్రింగులను అన్ని వరుసల్లోనూ పుట్టించి, ఎస్కేప్ చేసి, విప్పి, మొదటిదానితో సరిపోల్చాలి. నాలుగైదు క్యారెక్టర్ల పొడవు వరకు చూస్తే ఇలాంటి తప్పులు బయటపడకుండా ఉండవు.